పంట లేని యేటి కోతపండుగ

పాఠ్యభాగము: హబక్కూకు 3:16–19. ఇంటివద్ద చదువదగినవి: కీర్తన 126; 1 రాజులు 19:1–8; 2 కొరింథీయులకు 1:3–7.



కోతపండుగ దినములు సమీపించినప్పుడెల్ల మన సంఘములలో సందడి పుట్టును. గుడికి సున్నము కొట్టుదురు, మామిడాకుల తోరణములు కట్టుదురు. ప్రొద్దుటూరు వైపు కాలువ క్రింది ఊళ్లవారు వరికంకులు తెత్తురు. జమ్మలమడుగు నల్లరేగడి ఊళ్లవారు జొన్నలును శనగలును తెత్తురు. పులివెందుల వైపువారు వేరుశనగ కాయలు, చీనీకాయలు, అరటిగెలలు తెత్తురు. కోళ్లు, గ్రుడ్లు, గుమ్మడికాయలు, ఎవరి శక్తికొలది వారు బల్లయెదుట పెట్టిన పిమ్మట వేలంపాట జరుగును. పిల్లలకైతే ఆ పాటయే పండుగ.

అయితే పంటయే లేని యేట ఈ పండుగ ఏలాగు చేయవలెను? మంచి యేడు ఏదో చెడ్డ యేడు ఏదో విత్తువానికి ముందుగా తెలియని నేల మనది. పెన్నేరు మన ఊళ్లప్రక్కనే పోవుచున్నను ఇసుక కనబడు దినములే ఎక్కువ. పండుగనాడు వట్టిచేతులతో రాలేక, ప్రక్కింటివారు గంపలెత్తుకొని గుడికి పోవుచుండగా తలుపు దగ్గరగా వేసికొని లోపల కూర్చున్న కుటుంబములను మేము చూచితిమి. ఈ నెల పాఠము వారి నిమిత్తము వ్రాయుచున్నాము.

మొదట మా తప్పు ఒకటి చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో మలాకీ 3:10 మీద ప్రసంగించితిమి. పదియవ భాగము తెచ్చువారికి దేవుడు ఆకాశపు వాకిండ్లు తెరచునని గట్టిగానే చెప్పితిమి. ఆరాధన ముగిసిన పిమ్మట, మూడెకరములు గుత్తకు తీసికొని వేరుశనగ వేసిన ఒక సహోదరుడు వేపచెట్టు క్రింద మాయొద్దకు వచ్చి, తువాలును చేతిలో నలుపుచు ఇట్లనెను:

“అయ్యా, మేము ఇచ్చినాము గదా. ఇయ్యనోళ్ల చేన్లోనూ వాన పళ్లేదు, ఇచ్చిన మా చేన్లోనూ పళ్లేదు. మా లెక్క యాడ తప్పిందయ్యా?”

అతడు కోపముతో అడుగలేదు. పద్దు సరిచూచుకొనువాడు అడిగినట్లు అడిగెను. మేము ఏదో చెప్పితిమి, దేవుని చిత్తమనియు ఓర్పు పట్టవలెననియు. “సరేలే అయ్యా” అని వెళ్లిపోయెను. తరువాత మూడు ఆదివారములు గుడికి రాలేదు. మేము చెప్పినది జవాబు కాదని ఆ రాత్రియే మాకు తెలిసెను. మలాకీ మాట దేవుని మాటయే, దానిని కొట్టివేయుట మా ఉద్దేశము కాదు. దానిని మేము సంతలో బేరమువలె చెప్పితిమి. అది మా తప్పు. నీతిమంతుల మీదను అనీతిమంతుల మీదను ఒకే వాన కురియునని మన ప్రభువు చెప్పెను (మత్తయి 5:45). ఒకే వాన కురియునట్లే, కురియనప్పుడు ఇద్దరి చేనును ఒకేలాగు ఎండునని ఆ వచనమునుబట్టియే తెలిసికొనవలసినది. ఆ సహోదరుని ప్రశ్న మమ్మును హబక్కూకు నొద్దకు తరిమెను.

హబక్కూకు మూడే అధ్యాయముల పుస్తకము. నహూమునకును జెఫన్యాకును నడుమ దాగియుండును, వెదకినగాని దొరకదు. క్రీస్తునకు పూర్వము ఏడవ శతాబ్దపు చివరి కాలమున, కల్దీయుల దండు యూదాదేశము మీదికి రాబోవు దినములలో ఈ ప్రవక్త మాటలాడెను. అతని యెదుట ఉన్న భయము వాన గూర్చినది కాదు, దండు గూర్చినది. ఆ భేదము మరువరాదు. కాని దండు నడిచినను వాన తప్పినను రైతు ఇంట మిగులునది వట్టి గాదెయే గదా.

ఈ పుస్తకము స్తోత్రముతో మొదలు కాలేదు. ఎంతకాలమని కేకలు వేయవలెను, నీవు వినవేమి అని ప్రవక్త దేవునినే నిలదీయుచున్నాడు (1:2). దేవుడు అతనిని అవిశ్వాసి యనలేదు, నోరు మూసికొమ్మనలేదు. ప్రవక్త తన ప్రశ్న అడిగి, మన చేలలో మంచెయెక్కి కావలి కాయువానివలె, ఏమి జవాబు వచ్చునో చూతునని ఎత్తైన చోట నిలిచెను (2:1). అడుగుటయు, అడిగిన తరువాత పోక నిలుచుటయు, రెండును విశ్వాసములోనివే. వేపచెట్టు క్రింద మమ్మును అడిగిన సహోదరుడు ప్రవక్త చేసిన పనియే చేసెను. దానిని మేము సణుగుడని యెంచితిమి.

ఇప్పుడు మూడవ అధ్యాయము చివర చూడుడి. పదునారవ వచనములో అతని కడుపులో వణకు, పెదవులలో అదురు, ఎముకలలో కుళ్లు, కాళ్లలో బలహీనత కనబడుచున్నవి. విశ్వాసియైనవాడు వణకరాదని మనలో కొందరు నేర్పుదురు. ఆ వచనము వారి పుస్తకములో లేదు కాబోలు.

తరువాతి వచనములో ప్రవక్త ఆరు నష్టములు వరుసగా చెప్పుచున్నాడు. పట్టణములలోని బోధకులు దీనిని త్వరగా చదివి, తరువాతి సంతోషపు వచనమునకు పరుగెత్తుదురు. సేద్యము చేసినవాడు ఇక్కడ ఆగును. మొదట అంజూరము, అది పిల్లల తీపి. తరువాత ద్రాక్ష, అది పెండ్లిండ్ల సంతోషము. పిమ్మట ఒలీవ, అనగా దీపమునకును వంటకును గాయమునకును నూనె. ఇంతవరకు పోయినను మనుష్యుడు బ్రదుకును. నాలుగవది చేని పైరు, అది కూడు. అయిదవది దొడ్డిలోని గొర్రెలు. గొర్రెలంటే ఏమో మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పెండ్లికి గొర్రె, మందునకు గొర్రె, బిడ్డ చదువునకు గొర్రె. చేతిలో రూకలు లేనివానికి అది బాంకి. ఆరవది కొట్టములోని పశువులు.

పశువులను చివర చెప్పుటలో ఒక అర్థమున్నదని మాకు తోచుచున్నది. పైరు పోయిన ఆ యేడు పోయినది. ఎద్దులు పోయినచో దున్నుటకు లేదు గనుక వచ్చు యేడు కూడ పోయినది. ప్రవక్త లెక్క ఈ పూట లేమితో మొదలై, రేపటి దినమే లేకపోవుటతో ముగియుచున్నది. ఇప్పుడు మన ఊళ్లలో ఎద్దులున్న యిండ్లు తగ్గెను, ట్రాక్టరు బాడుగకు తెచ్చుకొనుచున్నారు. మన కాలపు వట్టి కొట్టమనగా ఎండిన బోరు. ఒకటి వేసి నీళ్లు పడక రెండవది, రెండవది పడక మూడవది. అడుగుకింత అని అప్పు. ఆ అప్పుకొరకు భార్య కమ్మలు ప్రొద్దుటూరిలో కుదువ. ఇది తెలిసినవాడే హబక్కూకు ఆరవ మాటను సరిగా చదువగలడు.

మన తెలుగు బైబిలులో ఈ ఆరు నష్టముల ప్రక్కను ఒక చిన్న ముక్క ఉన్నది. ‘అయినను’ అను మాటలోని ‘ను’. ఒక్కొక్క నష్టము పేరు చెప్పుట, దాని తోకకు ఈ ‘ను’ తగిలించుట, ఆరుసారులు. చదివి చూడుడి. నష్టములన్నిటిని ఒక గోతిలో పోసి, పైన ఒక్క ‘అయినను’ కప్పివేయలేదు. ప్రతి నష్టమును దాని పేరుతో పిలిచి, దాని యెదుట నిలిచి, అప్పుడు ‘ను’ అనుచున్నాడు. పేరు చెప్పని దుఃఖమునకు ఈ ‘ను’ తగులుకొనదు. మా సంఘములలో అనేకులు “అంతా దేవుడే చూసుకొంటాడులే” అని ఒక్కమాటతో దాటిపోవుదురు. అది విశ్వాసమువలె వినబడును గాని లోపల పుండు అట్లే ఉండును.

మరి దేనినిబట్టి సంతోషించెదనని చెప్పెను? వచ్చు యేడు అంజూరములు విరివిగా కాయునని అతడు చెప్పలేదు. దండు వెనుదిరుగునని చెప్పలేదు. దేవుని యందే సంతోషించెదననెను. గాదె నిండినప్పుడు గాదెనుబట్టి సంతోషించుచున్నామో ఇచ్చినవానినిబట్టి సంతోషించుచున్నామో మనకే తెలియదు. గాదె వట్టిదైనప్పుడు తెలియును. ఇది వినుటకు కఠినమైన మాట. చెప్పుచున్న మేమును నిండు గాదె గలవారము కాము గనుక చెప్పుచున్నాము.

చివరి వచనములో దేవుడు తన కాళ్లను లేడికాళ్లవలె చేసి ఉన్నతస్థలముల మీద నడిపించునని అతడు చెప్పుచున్నాడు. గండికోట యొద్ద పెన్న ఎఱ్ఱరాళ్ల కొండను చీల్చుకొని పోవు లోయను చూచినవారికి ఈ మాట కంటికి కట్టినట్లుండును. ఆ రాతిగోడల మీద మేకలు ఎక్కుట చూడుడి. కొండ చదునైపోదు, రాయి మెత్తబడదు. గిట్ట నిలుచును, అంతే. అటుపిమ్మట, ఇది ప్రధాన గాయకునికి తంతివాద్యములమీద పాడుటకని ఒక చిన్న సూచన వ్రాసియున్నది. చాలమంది దానిని విడిచిపెట్టుదురు. మాకైతే అది మిక్కిలి విలువగలది. ఒక్క మనుష్యుని వణకును నష్టమును సంఘమంతయు కూడి పాడునట్లు అప్పగించిరి. అతడు ఒంటరిగా ‘ను’ అనవలసిన పనిలేదు.

బాధపడువారిని ఓదార్చబోయి గాయపరచువారి గూర్చి కొంచెము చెప్పి పోవుదుము. ఏ పాపము చేసితివో యని అడుగువారొకరు. పుట్టు గ్రుడ్డివానిగూర్చి శిష్యులట్లే అడిగిరి, ప్రభువు ఆ లెక్కనే త్రోసివేసెను (యోహాను 9:1–3). సిలోయములో గోపురము కూలి చచ్చిన పదునెనిమిదిమంది మిగిలినవారికంటె దోషులా అని ఆయనే తిరిగి అడిగెను (లూకా 13:4). విశ్వాసము చాలక రోగము కుదురలేదనువారు మరియొకరు. వీరు రోగికి రెండవ రోగము అంటించుచున్నారు. జమ్మలమడుగులో లండను మిషను వైద్యుడైన డాక్టరు కాంప్‌బెల్ పేరు నేటికిని ఒక ఆస్పత్రికి ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములో ఆ దొరగారు ఈ ఎండలోనికి మందులపెట్టెతో వచ్చినది ప్రార్థన చాలదని కాదు. ప్రార్థించిన చేతులు కట్టు కట్టుటకును పనికివచ్చునని ఎరిగియే వచ్చెను. ఇక యోబు స్నేహితులు చేసిన మంచిపని ఒకటే, ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చుండుట (యోబు 2:13). నోరు తెరచినప్పటినుండి చెడగొట్టిరి. చివరకు దేవుడు సరిగా మాటలాడినది వారు కాదనియు, మొఱ్ఱపెట్టిన యోబేయనియు తీర్పు చెప్పెను (42:7).

మన ప్రభువు సంగతి యేమి? గెత్సేమనేలో ఆ గిన్నె తొలగింపుమని ముమ్మారు అడిగెను. తొలగలేదు. సిలువమీద ఆయన ‘ఎందుకు’ అని కేకవేసెను. ఆ ఘడియలో ఆకాశమునుండి జవాబు వచ్చినట్లు సువార్తలలో ఎక్కడను వ్రాయబడలేదు. మూడవ దినమున సమాధి తెరువబడెను. దేవుడు ఆ ‘ఎందుకు’కు కారణము చెప్పలేదు, కుమారుని లేపెను. మన నిరీక్షణ నిలిచియున్నది ఆ లేపుటమీదనే. లేచిన ప్రభువు దేహములో గాయములు మానిపోక కనబడుచుండెను, తోమా వాటిని చూచెను. గాయములను చెరిపివేయని పునరుత్థానము మనది. ఈ సంగతి చావు కబురు వచ్చిన యింటిలో ఎన్నిసారులో మాకు ఆధారమైనది.

అప్పులవానికి ముఖము చూపలేక ప్రాణము తీసికొన్న రైతుల యిండ్లు మన మండలములలో ఉన్నవి. ఆ గడపలు మేము ఎక్కితిమి. ఇట్టి ఆలోచన వచ్చినవాడు పాపియని దూరము పోవువారు ఏలీయాను చదువవలెను. అగ్ని దింపిన ఆ ప్రవక్త ఒక పొదక్రింద కూర్చుండి, చాలును, నా ప్రాణము తీసికొమ్మని వేడుకొనెను (1 రాజులు 19:4). దేవుడు ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చెను. దూత తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టెయు ముంతలో నీళ్లును చూపెను. తిని మరల పడుకొనెను. దూత మరల వచ్చి లేపి మరల తినుమనెను. ప్రయాణము దూరమని దూత చెప్పిన మాట రెండవ రొట్టెతోనే వచ్చెను. మన సంఘములో ఎవడైనను నాలుగు దినములు బయటికి రాకపోయినచో, రచ్చబండ యొద్ద కనబడకపోయినచో, మాట తగ్గి ముఖము దించుకొన్నచో, పెద్దలు బైబిలు పట్టుకొని పోకముందు సంగటి గిన్నె పట్టుకొని పోవలెను. ప్రక్కన కూర్చుండి తినవలెను. అప్పు ఎంత అని అడుగుటకు సిగ్గుపడకూడదు. అతనిని ఒంటరిగా విడువకూడదు. ఆస్పత్రికి తోడు పోవలసివచ్చినచో పోవలెను.

మన తాతల కాలమునకు వెళ్లుదుము. 1876లో రెండు ఋతువుల వానలును తప్పెను. ఆ సంవత్సరము పేరు ధాత గనుక దానిని ధాత కరువందురు. అది 1878 వరకు మదరాసు రాజధానిలోని జిల్లాలను పీడించెను. బళ్లారి, కర్నూలు, కడప మిక్కిలి నలిగిపోయెను. 1871 జనాభా లెక్కలో మన జిల్లాలో 13½ లక్షలమంది యుండగా, 1881 లెక్కకు 11 లక్షల 20 వేలమంది తేలిరి. ఊళ్లు విడిచి పోయినవారును ఆ తరుగులో ఉన్నారు గాని చచ్చినవారే ఎక్కువ. 1877లో సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి కరువు పనులలో మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యము, ఒక అణాకు దించివేసెను. ఇది మనిషి బ్రదుకుటకు చాలదని డాక్టరు కార్నిషు పోట్లాడెను. దేవుని చిత్తమని మనము చెప్పుకొను కరువులలో మనుష్యుల లెక్కలు ఎంత కలిసియుండునో దీనివలన తెలియును.

ఆ కరువులోనే మన తూర్పు కొండల ఆవల, ఒంగోలు సీమలో, అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించెను. సహాయము పంచు నెలలలో ఆయన బాప్తిస్మములు ఆపివేసెను. కూటికొరకు చేరినవారని లోకము చెప్పకుండునట్లు. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అయినను ఆ మాట రానే వచ్చెను. నేటివరకు మన పిల్లలు బడిలో ఆ మాట వినుచున్నారు. దానికి సిగ్గుపడకుడి. రొట్టెకొరకు వెంబడించిన జనమును ప్రభువు ఎరిగియుండెను (యోహాను 6:26). ఎరిగియే అంతకుముందటి దినమున వారికి పెట్టెను. ఆకలిగల కడుపును ఆకలిగల ఆత్మను కత్తితో వేరుచేయగలవాడెవడు?

ఇట్టి కాలములు తెలిసినవారికే 126వ కీర్తన చివరి వచనములు తెలియును. ఏడ్చుచు విత్తుట ఎందుకు? ఏదో దుఃఖము వచ్చి యేడ్చుచున్నాడని చిన్నప్పుడు మేము అనుకొంటిమి. ఒక ముసలిరైతు మాకు విప్పి చెప్పెను. గొర్రు కట్టి విత్తువాని మూటలో ఉన్నవి ఇంటిలో మిగిలిన కడపటి గింజలు. రాత్రి పిల్లలు ఆకలియని యేడ్చినప్పుడు వాటిని ఉడుకవేయలేదు. తెల్లవారి వాటిని మంటిలో వేయుచున్నాడు. పదును ఆరిపోవునో మొలచునో తెలియదు. పిల్లల నోటినుండి తీసి నేల నోటిలో వేయుచున్నవాడు ఏడ్వక ఏమి చేయును? నిరీక్షణ అను మాటకు ఇంతకంటె మంచి అర్థము మేము ఏ వ్యాఖ్యానములోను చదువలేదు.

శ్రమలో ఉద్దేశ మేమి అని అడుగుదురు. నీ శ్రమ ఫలానిదాని కొరకే వచ్చెనని ఎవనితోనైనను చెప్పుటకు మాకు అధికారము లేదు. పౌలు చెప్పినది వేరు. దేవుడు మనలను ఆదరించును. ఆ ఆదరణతో మనము శ్రమపడు ఇతరులను ఆదరింప శక్తిగలవారమగుదుము (2 కొరింథీ 1:4). శ్రమ ఎక్కడనుండి వచ్చెనో అతడు అక్కడ చెప్పలేదు. వచ్చిన ఆదరణ ఎక్కడికి పోవలెనో చెప్పెను. ఆదరణ చెరువులో నిలువ ఉంచునది కాదు, కాలువలో పారునది. క్లౌదియ కాలమున కరువు రాబోవునని విని, అంతియొకయ శిష్యులు ఎందుకని తర్కింపలేదు, ప్రతివాడు తన శక్తికొలది యూదయలోని సహోదరులకు పంపెను (అపొ. కార్యములు 11:28–30). రాయలసీమలో 1952లో గంజి కేంద్రములు నడిచినప్పుడు, సైనికులు వచ్చి బావులు లోతు చేసినప్పుడు, ఆ గంజి త్రాగి పెరిగిన పిల్లలు నేడు మన సంఘములలో ముసలివారు. పొయ్యిమీద ఎసరు పెట్టకముందే పిడికెడు బియ్యము తీసి దేవుని కుండలో వేయు అలవాటును వారు విడువరు. కోడండ్రు నవ్వినను విడువరు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తుము. 2018లో వానలు తప్పిన యేట, మేము తప్పుగా ప్రసంగించిన ఆ గ్రామములోనే కోతపండుగ చేయవలెనా అని సంఘపెద్దలు కూర్చుండిరి. ఈ యేటికి మానుదమని కొందరు, అప్పు తెచ్చియైన చేయవలెనని ఒకరిద్దరు. వేపచెట్టు సహోదరుడు మూలను కూర్చుండియుండెను. “పండగ పెట్టండి. ఏమి లేదో అది తెస్తాము” అనెను. ఆ మాట మాకు వెంటనే బోధపడలేదు.

ఆ ఆదివారము బల్లమీద తెల్లగుడ్డ మాత్రము పరచి, హబక్కూకు మూడవ అధ్యాయము చదివితిమి. ఎవరి నష్టము వారు లేచి చెప్పవలెననియు, చెప్పినప్పుడు అందరును ‘అయినను’ అనవలెననియు ఏర్పాటు. చాలసేపు ఎవరును లేవలేదు. చంటిబిడ్డ దగ్గుట వినబడెను. మాకు చెమట పట్టెను. అప్పుడు ఆ సహోదరుడే లేచి, “బోరు ఎండిపాయ. జతలో ఒక ఎద్దును అమ్మితిమి” అనెను. అయినను, అనిరి. ఒక చెల్లెలు లేచి, భర్త బెంగుళూరికి పనికిపోయి రెండు నెలలనుండి ఫోను చేయలేదనెను. అయినను. వెనుకవరుసలో ఒక అవ్వ కష్టముమీద లేచి, పొలము పేరు గాని పశువు పేరు గాని చెప్పక, కుమారుని పేరు మాత్రము చెప్పి కూర్చుండెను. అతడు ఆ యెండకాలమున చనిపోయెనని అందరికి తెలియును. ఆ మాటకు ‘అయినను’ అనుటకు మా నోరు రాలేదు. కొంత తడవైన తరువాత ఆ అవ్వయే అనెను. అప్పుడు మిగిలినవారమంతా అంటిమి.

వేలంపాటకు ఒక్కటే వస్తువు ఉండెను. స్నానపు నీళ్లు పారుచోట పాదుపెట్టి ఒక తల్లి కాయించిన సొరకాయ. పాడుకొన్నవాడు దానిని తిరిగి బల్లమీద పెట్టుట, మరల పాట, మరల పెట్టుట. పదునొకండుసారులు పాడిరి. పిల్లలు లెక్కపెట్టి కేకలు వేసిరి. రూకలు రెండువేలు దాటెను. వాటిని ఏమి చేయవలెనని పెద్దలు చాలసేపు ఆలోచింపలేదు. విత్తనపు కాయలు తినివేసిన యిండ్లు రెండు ఉండెను. ఆ రూకలతో కాయలు కొని పంచి యిచ్చిరి. అందులో ఒకటి వేపచెట్టు సహోదరునిది. తరువాతి కార్తెలలో పదునువాన పడినప్పుడు, మిగిలిన ఒంటి ఎద్దును ప్రక్కవారి ఎద్దుతో జతకట్టి అతడు విత్తెను. అదే గొర్రుతో అవ్వ చేనును విత్తిపెట్టెను. మొలచెనా అని మమ్మును అనేకులు అడిగిరి. సగము మొలచెను.